డ్రోన్‌తో సంపాదించాలంటే: పైలట్ సర్టిఫికెట్ నుంచి గాల్లోకి లేపేదాకా ఒక్కో అడుగు

డ్రోన్ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లలో చాలామంది ముందు డ్రోన్ కొనేస్తారు, తర్వాత లైసెన్స్ గురించి వాకబు చేస్తారు. డబ్బు ఇరుక్కుపోయేది అక్కడే. అప్పు చేసి కొన్న డ్రోన్‌కు మన దేశంలో రిజిస్ట్రేషనే రాదని తెలిశాక చేయగలిగేది పెద్దగా ఉండదు. అమ్మినవాళ్లు ఆ మాట ముందుగా చెప్పరు. అందుకే ఇందులో డ్రోన్ కొనడాన్ని వెనక్కి నెట్టాను. ముందు చేయబోయే పనేమిటో తేల్చుకోండి, తర్వాత శిక్షణ తీసుకోండి, కొనుగోలు ఆ తర్వాతే.

బండి నడిపే మనిషికి లైసెన్స్, బండికి ఆర్సీ, దాని మీద ఇన్సూరెన్స్ ఎలా వేర్వేరో ఇక్కడా అంతే. మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కు యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి, పైన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. ఈ మూడూ ఉన్నా సరే, మీరు నిలబడ్డ చోట ఎగరేయవచ్చా, ఎంత ఎత్తుదాకా అనేది ప్రతిసారీ విడిగా చూసుకోవాల్సిందే. వీటన్నింటికీ ఆధారం 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ 2021. ఆ తర్వాత 2022లో, 2023లో కొన్ని సవరణలు జరిగాయి. అమలు చేసేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ.

మీ పని ఏమిటి, దానికి ఎంత బరువు డ్రోన్ కావాలి

నిబంధనలన్నీ బరువు చుట్టూ తిరుగుతాయి. 250 గ్రాములు, అంతకంటే తక్కువ ఉంటే నానో. అది దాటి 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆపైన లార్జ్. ఇక్కడ బరువు అంటే ఖాళీ డ్రోన్ బరువు కాదు. బ్యాటరీ, కెమెరా, ట్యాంకులో మందు, అన్నీ కలిపి గాల్లోకి లేచే మొత్తం బరువు.

పెళ్లి వీడియోలు, రియల్ ఎస్టేట్ వెంచర్ల షూటింగ్ చేసేవాళ్లు వాడేవి ఎక్కువగా మైక్రో తరగతిలోకి వస్తాయి. పొలంలో మందు కొట్టే 10 లీటర్ల డ్రోన్లు, నిండు ట్యాంకుతో కూడా 25 కిలోలు దాటకుండా తయారుచేసినవి, స్మాల్‌లోకి వస్తాయి. సర్వే, మ్యాపింగ్ డ్రోన్లు ఈ రెండింటిలో దేనిలోనైనా ఉండొచ్చు.

మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే డ్రోన్‌తో పెళ్లి షూట్ చేసి డబ్బు తీసుకున్నారంటే సర్టిఫికెట్ తప్పనిసరి. నానోకైతే వ్యాపారానికి వాడినా పైలట్ సర్టిఫికెట్ అడగరు, టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు డీజీసీఏ ఇచ్చే ఆమోదం), థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి కూడా మినహాయింపు ఉంది. అందుకే 249 గ్రాముల డ్రోన్లకు అంత గిరాకీ. కానీ ఇంట్లో ఉండే చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద దాన్ని ఒకసారి పెట్టి చూడండి. రెక్కలకు గార్డులు తగిలించి, లెన్స్‌కు ఫిల్టర్ వేసి, ఎక్కువసేపు వచ్చే పెద్ద బ్యాటరీ పెడితే అంకె 250 దాటిపోతుంది. దాటిన క్షణం నుంచి అది మైక్రోనే, మైక్రోకు వర్తించేవన్నీ దానికీ వర్తిస్తాయి. పైగా ఎక్కడ ఎగరేయకూడదన్న నిబంధన నానోకూ వర్తిస్తుంది. చిన్నదే కదా అని విమానాశ్రయం పక్కన లేపితే అది నేరమే.

బరువు సంగతి ముందే తేల్చుకోమనడానికి ఇంకో కారణం ఉంది. మీకు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఏ తరగతి, ఏ రకం డ్రోన్ అన్నది రాసి ఉంటుంది. మైక్రోకు తీసుకున్న సర్టిఫికెట్‌తో స్మాల్ డ్రోన్ ఎగరేయడం కుదరదు. రెండేళ్ల తర్వాతైనా వ్యవసాయ డ్రోన్ల వైపు వెళ్లే ఆలోచన ఉంటే మొదటే స్మాల్ తరగతి రోటార్‌క్రాఫ్ట్ (తిరిగే రెక్కలతో ఎగిరే రకం) శిక్షణ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అర్హత, కాగితాలు

వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. పదో తరగతి పాసై ఉండాలి. ఇంటర్, డిగ్రీ ఏవీ అక్కర్లేదు. డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసవ్వాలి. నిబంధనల్లో ఉన్నది ఇంతే.

పాస్‌పోర్టు లేదని వెనక్కి తగ్గినవాళ్లు పల్లెల్లో చాలామంది ఉన్నారు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన సవరణతో ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి గుర్తింపుకు, చిరునామాకు చాలు. వీటితో పాటు పదో తరగతి మార్కుల మెమో, ఫొటోలు, ఆరోగ్యంగా ఉన్నారని డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ శిక్షణ సంస్థలు అడుగుతాయి. మెమో మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు ఒకేలా ఉన్నాయో లేదో చేరకముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. పోర్టల్‌లో దరఖాస్తు ఆగిపోయేది ఇలాంటి చిన్నవాటి దగ్గరే.

శిక్షణ సంస్థను ఎంచుకోవడం

డ్రోన్ కోర్సు అని బోర్డు పెట్టిన ప్రతి చోటా సర్టిఫికెట్ రాదు. డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థను ఆర్‌పీటీఓ అంటారు, అంటే రిమోట్ పైలట్ ట్రైనింగ్ ఆర్గనైజేషన్. అనుమతి ఉన్న సంస్థల జాబితా ప్రభుత్వ పోర్టల్‌లోనే ఉంటుంది. అందులో పేరు కనబడకపోతే ఆ సంస్థ ఇచ్చే కాగితం గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయం కేంద్రంగా ఉన్న తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఈ శిక్షణ ఇస్తుంది. రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, అంటే గుంటూరు లాంలోని ఎన్‌.జి. రంగా వర్సిటీ, రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వర్సిటీ, పంటల వైపు డ్రోన్ శిక్షణలో ముందున్నాయి. ప్రైవేటు సంస్థలు వీటికి తోడు.

ఫీజు పదుల వేలల్లో ఉంటుంది, సంస్థకూ సంస్థకూ బాగా తేడా ఉంటుంది. ప్రభుత్వానికి కట్టే సర్టిఫికెట్ ఫీజు మాత్రం 100 రూపాయలే. కాబట్టి మిగతా డబ్బు దేనికి కడుతున్నారో నిలబెట్టి అడగండి. వసతి, భోజనం అందులో ఉన్నాయా? ఒక్కొక్కరి చేతికి రిమోట్ ఎంతసేపు ఇస్తారు? ఒక డ్రోన్‌కు ఎంతమంది విద్యార్థులు? పరీక్ష తప్పితే మళ్లీ డబ్బు కట్టాలా? ఈ ప్రశ్నల్లో రెండోదానికి సూటిగా జవాబు చెప్పలేని చోట చేరకండి. పదిమంది వంతులవారీగా ఎగరేస్తుంటే మిగతా తొమ్మిదిమంది చెట్టు నీడన కూర్చుని రీల్స్ చూడటమే అవుతుంది. వీలైతే శిక్షణ జరిగే గ్రౌండ్‌కు ఒకపూట వెళ్లి చూసి రండి.

డ్వాక్రా సంఘాల మహిళలకు ఇంకో దారి ఉంది. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సబ్సిడీ. ఎంపికైన సభ్యురాలికి 15 రోజుల శిక్షణ ఉంటుంది, అందులో 5 రోజులు పైలట్ శిక్షణ, 10 రోజులు పంటలకు మందు, పోషకాలు చల్లే పని. సంఘం తరఫున వెలుగు లేదా సెర్ప్ కార్యాలయంలో అడగండి.

శిక్షణలో ఏముంటుంది

స్మాల్ తరగతికి పైలట్ శిక్షణ మామూలుగా అయిదు రోజుల చుట్టూ ఉంటుంది. వ్యవసాయ పనులు కలిపితే ఇంకొన్ని రోజులు. మొదట క్లాసులు: నిబంధనలు, గాల్లో ఎగిరే సూత్రాలు, వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో మాట్లాడే పద్ధతి, బ్యాటరీలు, నిర్వహణ, అత్యవసర పరిస్థితులు. తర్వాత కంప్యూటర్‌లో సిమ్యులేటర్. ఆ తర్వాతే గ్రౌండ్.

సిమ్యులేటర్‌ను వీడియో గేమ్‌లా చూసి వదిలేసేవాళ్లు గ్రౌండ్‌లో తడబడతారు. కారణం ఇది. కొత్త డ్రోన్లు జీపీఎస్ సాయంతో చేయి వదిలేసినా గాల్లో కదలకుండా నిలబడతాయి. శిక్షణలో ఆ సాయం తీసేసి ఎగరేయిస్తారు, దాన్ని ఆటి మోడ్ అంటారు. అప్పుడు డ్రోన్ ఎత్తు నిలుపుకుంటుంది గానీ గాలి ఎటు తోస్తే అటు జారిపోతుంది. కుడి స్టిక్‌తో క్షణక్షణం సర్దుతూ ఉండాలి. దానికి తోడు డ్రోన్ ముక్కు మీ వైపు తిరిగిందంటే కుడిఎడమలు తారుమారవుతాయి. మీరు స్టిక్ కుడికి నొక్కితే అది మీ కళ్లకు ఎడమకు పోతుంది. కంగారులో ఇంకా గట్టిగా అదే వైపు నొక్కుతారు, డ్రోన్ కంచెలోకి పోతుంది. చతురస్రం, వృత్తం, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించేది చేతికి ఈ అలవాటు రావడానికే. ముక్కు ఎటున్నా ఆలోచించకుండా చేయి సరైన వైపు పోయేదాకా సిమ్యులేటర్ మీద కూర్చోండి. పొలంలో జీపీఎస్ పోయిన రోజు మిమ్మల్నీ, కింద ఉన్న మనుషుల్నీ కాపాడేది ఆ అలవాటే.

రాత పరీక్ష, ఎగరేసే పరీక్ష రెండూ పాసయ్యాక సర్టిఫికెట్ పోర్టల్ ద్వారానే వస్తుంది. దరఖాస్తు డీ-4 ఫారం. ఒకప్పుడు ఇదంతా డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ పోర్టల్‌లో జరిగేది, ఇప్పుడు దరఖాస్తుల పనులు డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌కు మారాయి. సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది. వివరాలు పోర్టల్‌లో కనిపించేదాకా మీరు పైలట్ కానట్టే. శిక్షణ సంస్థ ఇచ్చిన కోర్సు పూర్తయిన కాగితం పట్టుకుని పనికి వెళ్లకండి.

ఇప్పుడు డ్రోన్ కొనండి, అదీ ఇలా

అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఈ మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ ఉందా? నంబరు ఎంత?" టైప్ సర్టిఫికెట్ అంటే ఆ మోడల్ ప్రమాణాలకు తగ్గట్టు ఉందని డీజీసీఏ ఇచ్చే ఆమోదం. డ్రోన్‌కు యూఐఎన్ కోసం డీ-2 ఫారం నింపేటప్పుడు ఆ నంబరు ఇవ్వాలి. నానో కాని డ్రోన్‌కు అది లేకపోతే యూఐఎన్ లేదు, యూఐఎన్ లేకపోతే ఎగరేయడానికి లేదు. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9 నుంచి కేంద్రం నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. విడిభాగాల మీద ఆ నిషేధం లేదు. కాబట్టి దుబాయ్ నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చే కెమెరా డ్రోన్ మీద వ్యాపారం కట్టుకోవద్దు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు ఆపితే అక్కడితోనే అయిపోతుంది.

బిల్లు మీద ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్ లోపల దాన్ని నడిపించే బోర్డు) సీరియల్ నంబరు, రిమోట్ సీరియల్ నంబరు రాయించుకోండి, డీ-2లో అవి అడుగుతారు. సెకండ్ హ్యాండ్ కొంటే పాత యజమాని పేరు మీదున్న యూఐఎన్‌ను డీ-3 ఫారంతో మీ పేరుకు మార్పించుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఒక్కో దరఖాస్తుకు ఫీజు 100 రూపాయలు. నానో కాకుండా మిగతా అన్నింటికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. డ్రోన్ పాడైతే వచ్చే పాలసీ వేరు, అది మీ ఇష్టం. ఎదుటివాళ్ల తలకో కారుకో తగిలితే ఆదుకునేది మాత్రం థర్డ్ పార్టీ పాలసీయే.

2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. రైతులకు వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద సబ్సిడీ ఉంది: చిన్న, సన్నకారు రైతులు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, గరిష్ఠంగా 5 లక్షలు, మిగతావాళ్లకు 40 శాతం, గరిష్ఠంగా 4 లక్షలు. నిధులు ఏ ఏడాది ఎంత విడుదలయ్యాయన్నది మండల వ్యవసాయ అధికారి దగ్గర కనుక్కోవాలి.

ఆకాశంలో మూడు రంగులు

డిజిటల్ స్కైలోని మ్యాప్ దేశం మొత్తాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడగొట్టింది. ఆకుపచ్చలో 400 అడుగుల ఎత్తుదాకా, అంటే 120 మీటర్ల దాకా, అనుమతి అడగనక్కర్లేదు. అంతకంటే పైకి వెళితే అదే చోటు పసుపు అవుతుంది. పసుపులో ఆ ప్రాంతపు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా లేపే ప్రసక్తే లేదు.

విమానాశ్రయాల చుట్టూ లెక్క ఇలా ఉంటుంది. ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపు ఎరుపు. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల దాకా ఆకుపచ్చ, ఆపైన పసుపు. దూరం కొలవాల్సింది విమానాశ్రయం ప్రహరీ నుంచి, టెర్మినల్ నుంచి కాదు. శంషాబాద్ లాంటి చోట ఆ రెండింటి మధ్య తేడా కిలోమీటర్లలో ఉంటుంది.

హైదరాబాద్‌లో పనిచేసే ఫొటోగ్రాఫర్లకు ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. శంషాబాద్ చుట్టూ కన్వెన్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌లు ఎన్ని ఉన్నాయో తెలిసిందే. కొంపల్లి వైపు వెళితే హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల మధ్య ఉంటారు. నగరం నడిబొడ్డున బేగంపేట ఉంది. విశాఖలో విమానాశ్రయం నౌకాదళానిది. గన్నవరం, రేణిగుంట చుట్టుపక్కల కూడా ఇదే లెక్క. శ్రీహరికోట, తిరుమల కొండ, పెద్ద డ్యాముల దగ్గర ఎగరేసి కేసుల్లో చిక్కుకోకండి. గోల్కొండ, లేపాక్షి లాంటి పురావస్తు కట్టడాల దగ్గర జోన్ ఆకుపచ్చ అయినా ఆ శాఖ అనుమతి విడిగా కావాలి, నల్లమల లాంటి అభయారణ్యంలో అటవీ శాఖది కావాలి.

కాబట్టి పెళ్లి ఆర్డరు ఒప్పుకునే ముందు హాలు ఎక్కడో అడిగి మ్యాప్‌లో చూడండి, ఆ తర్వాతే అడ్వాన్స్ తీసుకోండి. పసుపులో ఉంటే అనుమతికి సమయం పడుతుంది, ముహూర్తం మన కోసం ఆగదు. ఎరుపులో ఉంటే "అక్కడ డ్రోన్ షాట్లు రావండి, కావాలంటే ప్రీ-వెడ్డింగ్ వేరే చోట తీద్దాం" అని ముందే చెప్పేయండి. ఒప్పంద పత్రంలో కూడా ఆ మాట రాయించండి.

మ్యాప్ ఒకసారి చూస్తే సరిపోదు. రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక ప్రాంతాన్ని ఒకేసారి 96 గంటల దాకా తాత్కాలిక ఎరుపు జోన్‌గా ప్రకటించవచ్చు. ప్రధాని పర్యటన, వినాయక నిమజ్జనం, రాజకీయ సభలు ఉన్నప్పుడు ఇది జరుగుతుంటుంది. ముందు రోజు ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి చూడండి. ఆకుపచ్చ జోన్ అయినా స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచితే పని సాఫీగా సాగుతుంది. నిబంధన అలా అడగదు గానీ, ఊళ్లో తెలియని డ్రోన్ కనిపిస్తే జనం ఫోన్ చేసేది ఆ స్టేషన్‌కే కదా.

ఎగరేసే రోజు

రెక్కల అంచులు గోటితో తడిమి చూడండి, సన్న పగులు కంటికి కనిపించకపోయినా గోటికి తగులుతుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే పక్కన పెట్టేయండి. మే నెలలో మూసిన కారులో వదిలేసిన బ్యాటరీని నమ్మొద్దు. పూర్తి ఛార్జింగ్‌తో లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ 4.2 వోల్టులు చూపాలి, సెల్‌కూ సెల్‌కూ తేడా ఎక్కువగా ఉంటే దాన్ని వాడకండి. ఇనుప గేటు, కారు, కాంక్రీటులో ఇనుప కడ్డీల పక్కన కంపాస్ కాలిబ్రేషన్ (డ్రోన్ దిక్సూచిని సరిచేయడం) చేయకండి. డ్రోన్ తిరిగి రావాల్సిన చోటును (హోమ్ పాయింట్) జీపీఎస్ గుర్తించేదాకా ఆగి అప్పుడు లేపండి.

సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను వెనక్కి వచ్చే ఎత్తును ప్రతి చోటా మార్చుకోవాలి. కోనసీమలో 15 మీటర్లకు పెట్టి వదిలితే తిరిగొచ్చేటప్పుడు కొబ్బరి మట్టల్లో ఇరుక్కుంటుంది. చుట్టూ ఉన్నవాటిలో అతి ఎత్తైన చెట్టు, టవరు ఏదో చూసి దానికంటే బాగా పైకి పెట్టండి. కరెంటు తీగలు స్క్రీన్‌లో కనిపించవు, స్తంభాలను బట్టి తీగలు ఎటు పోతున్నాయో కళ్లతో చూసి గుర్తుపెట్టుకోండి. డ్రోన్ ఎప్పుడూ మీ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. హెలికాప్టర్ చప్పుడు వినబడితే మరో ఆలోచన లేకుండా కిందికి దించండి. మనుషులున్న విమానానికి ఎప్పుడూ మనమే దారివ్వాలి.

పొలంలో మందు కొట్టేవాళ్లకు

పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో పోయే పనే అయినా బాధ్యత చాలా ఎక్కువ. డ్రోన్ స్ప్రేకు నీళ్లు తక్కువ, మందు ద్రావణం చిక్కగా ఉంటుంది. గాలి లేస్తే ఆ తుంపర పక్క పొలంలో పడుతుంది. పక్కన మల్బరీ తోట ఉంటే ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చిపోతాయి. భీమవరం ప్రాంతంలో రొయ్యల చెరువులు చేల పక్కనే ఉంటాయి. అందుకే చుట్టుపక్కల రైతులకు ముందు రోజే చెప్పండి, తెల్లవారుజామున గాలి నిలకడగా ఉన్నప్పుడు పని పెట్టుకోండి, గాలి పెరిగితే కూలీ పోయినా ఆపేయండి. డ్రోన్‌తో కొట్టడానికి ఆమోదం ఉన్న మందులే, పంటకు చెప్పిన మోతాదులోనే వాడాలి. కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో విడుదల చేసిన పిచికారీ పద్ధతుల పత్రాన్ని శిక్షణ సంస్థలో అడిగి తీసుకోండి. మందు కలిపేటప్పుడు మాస్కు, గ్లోవ్స్ లేకుండా ట్యాంకు మూత తెరవకండి.

ప్రమాదం జరిగితే

ముందు రిమోట్ పక్కన పెట్టి మనిషిని చూడండి. గాయమైతే ఆస్పత్రికి తీసుకెళ్లాక బ్యాటరీ విప్పి దూరంగా, ఇసుకలో పెట్టండి, దెబ్బతిన్న లిథియం బ్యాటరీ కాసేపాగి కూడా అంటుకుంటుంది. పడిన చోటును, డ్రోన్‌ను ఫొటోలు తీయండి, రిమోట్‌లోని ఫ్లైట్ లాగ్ చెరపకండి. ప్రమాదం గురించి 48 గంటల్లోగా పోర్టల్ ద్వారా డీజీసీఏకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు ఫోన్ చేయండి. డ్రోన్ ఇక పనికిరాదంటే, లేదా పోయిందంటే, డీ-3తో యూఐఎన్ రద్దు చేయించండి. లేకపోతే ఆ నంబరుతో ఎవరేం చేసినా ముందు మిమ్మల్నే పిలుస్తారు.

నిబంధనలు ఉల్లంఘిస్తే ప్రస్తుతం జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది. పౌర డ్రోన్ల కోసం ప్రత్యేక చట్టం తేవాలని కేంద్రం 2025 సెప్టెంబరులో ఒక ముసాయిదా బిల్లును అభిప్రాయాల కోసం బయటపెట్టింది, అందులో జైలు శిక్షల ప్రస్తావన కూడా ఉంది. పని మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు, పౌర విమానయాన మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో కొత్త నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. పొలానికైనా పెళ్లికైనా వెళ్లేటప్పుడు పైలట్ సర్టిఫికెట్, యూఐఎన్, ఇన్సూరెన్స్ కాపీలు ఫోన్‌లోనే కాక సంచిలో కాగితం మీద కూడా ఉంచుకోండి, సిగ్నల్ లేని ఊరిలో పోలీసులు అడిగినా వెంటనే చూపించవచ్చు.